నొక్కగానే వెలగాలి!

1926 మే 2. హిమాలయాల్లో రుద్రప్రయాగకి దగ్గర్లో గులాబ్‌రాయ్ అనే చిన్న చోటు. కేదార్‌నాథ్, బదరీనాథ్‌లకి యాత్రికులు నడిచివెళ్ళే దారి పక్కనే ఓ మామిడిచెట్టు. చెట్టుమీద రైఫిల్ పట్టుకుని ఓ మనిషి. కింద, మెడలో గంట కట్టిన మేక. చుట్టూ కళ్ళు పొడుచుకున్నా కానరాని చీకటి.

ఆ మనిషి జిమ్ కార్బెట్. ఎదురుచూస్తున్నది నరమాంసం మరిగిన చిరుతపులి కోసం. 1918 నుంచి ఎనిమిదేళ్ళలో అది, ప్రభుత్వ లెక్కల ప్రకారమే, 125 మందిని పొట్టన పెట్టుకుంది. పొద్దు వాలితే ఆ లోయలో ఎవరూ తలుపు తీసేవాళ్ళు కాదు.

ఉన్నట్టుండి మేక మెడలో గంట గట్టిగా మోగింది. కార్బెట్ రైఫిల్ గురిపెట్టి టార్చి బొత్తాం నొక్కాడు. వెలిగింది. ఆ ఒక్క క్షణంలో గురి సరిగ్గా చిరుత భుజం మీదే ఉంది. ట్రిగ్గర్ నొక్కాడు. అంతే... టార్చి ఆరిపోయింది!

గుండు తగిలిందా? గాయపడ్డ చిరుత చెట్టుకిందే ఉందా? ఏమీ తెలీదు. తెల్లారేదాకా ఆ చెట్టుమీదే కూర్చున్నాడు. ఆ టార్చిని నెలల తరబడి మోసుకు తిరిగానుగానీ, ఎప్పుడూ వెలిగించి పరీక్షించలేదని కార్బెట్ తరవాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు. అంత పేరున్న వేటగాడు తుపాకిని చూసుకున్నాడు, తూటాలని చూసుకున్నాడు. టార్చిని చూసుకోలేదు!

వందేళ్ళు కావస్తోంది. ఆ పొరపాటు మాత్రం ఇప్పటికీ ప్రతి ఊళ్ళో, ప్రతి ఇంట్లో జరుగుతూనే ఉంది.

వేట పోయింది... చీకటి పోలేదు

మన దేశంలో వేట ముచ్చట ఎప్పుడో ముగిసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆపైన 1991లో దానికి చేసిన సవరణతో లైసెన్సు వేటకీ తెరపడింది. ఇప్పుడు అడవిలో టార్చి పట్టుకుని తిరగాల్సింది వేటగాడు కాదు, వేటగాళ్ళని పట్టుకునే వాళ్ళు. నల్లమలలో రాత్రి గస్తీ తిరిగే అటవీ సిబ్బందికి చేతిలో కర్రా, టార్చీ ఉండాల్సిందే.

అడవిదాకా ఎందుకు? రాత్రి కరెంటొచ్చిందని మోటారు వెయ్యడానికి బయల్దేరే రైతుని చూడండి. గట్టుమీద తడిసిన గడ్డి, పక్కన బోదె, ఆ పక్కన స్టార్టరు పెట్టె. తెల్లవారుజామున పాలు పిండటానికి కొట్టంలోకి వెళ్ళే ఇల్లాలు, కోతలయ్యాక కళ్ళంలో ధాన్యానికి కాపలా పడుకునే పెద్దాయన, చేపల చెరువుమీద రాత్రంతా తిరిగే కుర్రాడు... వీళ్ళందరికీ టార్చి ఓ ఆయుధమే. వీళ్ళ చిరుతపులి పేరు పాము!

ఇది భయపెట్టడానికి చెబుతున్న మాట కాదు. 2020లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58 వేల మంది. ఆ మరణాల్లో 70 శాతం ఎనిమిది రాష్ట్రాల్లోనే. వాటిలో తెలంగాణతో కూడిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. చనిపోయినవాళ్ళలో సగం మందిదాకా జూన్-సెప్టెంబరు నెలల మధ్య, అంటే పొలం పనులు ముమ్మరంగా ఉండే వానాకాలంలో పోయినవాళ్ళే. కాట్లు ఎక్కువగా పడేది కాళ్ళమీద. అడుగు వేసేముందు ఆ చోటు కనిపించి ఉంటే ఇందులో ఎన్ని తప్పేవో!

అందుకే టార్చి కొనడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మరి ఏది కొనాలి?

సెల్లు ఎండబెట్టిన రోజులు

టార్చి పుట్టి నూట పాతికేళ్ళు దాటింది. అమెరికాలో స్థిరపడిన డేవిడ్ మిసెల్ అనే ఆంగ్లేయుడికి 1899 జనవరిలో గొట్టం ఆకారపు టార్చిమీద పేటెంటు దక్కింది. అప్పటి సెల్లులు ఎంత బలహీనమంటే కాసేపు వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించాల్సి వచ్చేది. అలా తళుక్కున మెరిసి ఆగేది కాబట్టే అమెరికా వాళ్ళు దాన్ని 'ఫ్లాష్‌లైట్' అన్నారు.

మన ఊళ్ళల్లో అది 'బ్యాటరీ లైటు'. రెండు సెల్లులదో, మూడు సెల్లులదో మెరిసే లోహపు గొట్టం. ఎవరెడీ వారి జీవన్ సాథీ చేతికొస్తే ఆ ఇంటి పెద్ద హోదానే వేరు. సెల్లు అనగానే తెలుగువాళ్ళకి నెల్లూరులో తయారైన నిప్పో కూడా గుర్తొస్తుంది. వెలుగు తగ్గితే సెల్లులు తీసి ఎండలో పెట్టడం, ఆ వేడికి ఇంకో రెండు రోజులు నడిపించడం ఓ తరం మొత్తానికి తెలిసిన విద్య. ప్రయాణానికి వెళ్ళేటప్పుడు సంచిలో స్విచ్చి నొక్కుకుని సెల్లు అయిపోకుండా ఒక సెల్లుని తిరగేసి పెట్టేవారు తాతలు. ఎంత జాగ్రత్త!

ఆ రెండు సెల్లుల టార్చి ఇచ్చే వెలుగు పది, పదిహేను ల్యూమెన్లు. ల్యూమెన్ అంటే దీపంనుంచి బయటికొచ్చే మొత్తం వెలుగుకి కొలత. ఇప్పుడు అరచేతిలో ఇమిడే ఎల్ఈడీ టార్చి వెయ్యి ల్యూమెన్లు ఇస్తానంటోంది. నీలిరంగు ఎల్ఈడీని సాధించి, తెల్లటి ఎల్ఈడీ దీపాలకి దారి వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమనో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. బల్బు మాడిపోయే బెడద తీరింది. వెలుగు కొరత కూడా తీరింది. తీరనిది ఒక్కటే... నమ్మకం. కావాల్సిన రాత్రి అది వెలుగుతుందా?

కిలోమీటరు కొడితే ఏం లాభం?

ఏ సంతలో అయినా, ఏ బస్టాండు పక్క దుకాణంలో అయినా వినిపించే మాటలివి.

'ఎంత దూరం కొడ్తదన్నా?'

'కిలోమీటరు కొడ్తది. తీస్కపో!'

చీకటి పడ్డాక ఆ టార్చిని ఎదురుగా ఉన్న సెల్ టవర్‌మీద వేసి చూపిస్తే ఎవరైనా పడిపోవాల్సిందే. కానీ ఆ కిలోమీటరు లెక్క వెనక ఓ చిన్న కిటుకు ఉంది. టార్చిల కొలతలకి ఏఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ఉంది. 2009లో వచ్చింది. పేరున్న కంపెనీలు ఎక్కువగా దీన్నే పాటిస్తాయి. దాని ప్రకారం టార్చి 'దూరం' అంటే, వెలుగు పావు లక్స్‌కి తగ్గిపోయే చోటు. పావు లక్స్ అంటే సుమారుగా పున్నమి వెన్నెలంత! డబ్బామీద 400 మీటర్లు అని ఉంటే 400 మీటర్ల దగ్గర ఉండేది వెన్నెలే. అక్కడ గేదె ఉందని తెలుస్తుందేమోగానీ, ఎవరి గేదో తెలీదు.

ఇంకోటి. వెలుగు నాలుగు రెట్లయితేగానీ దూరం రెండు రెట్లు కాదు. డబ్బామీద ల్యూమెన్లు రెట్టింపు కనిపించగానే చూపు కూడా రెట్టింపవుతుందనుకోకూడదు.

అసలు ప్రశ్న, అంత దూరం ఎవరికి కావాలి? వేటగాడికి కావాలి. జింక, పులి, పిల్లి లాంటి జంతువుల కళ్ళ వెనక అద్దంలాంటి ఓ పొర ఉంటుంది. సన్నటి వెలుగు దూరంనుంచి పడ్డా అది తిరిగి మెరుస్తుంది. ఆ మెరుపు కోసమే వేటగాళ్ళు దూరం పోయే టార్చి వెతికేవారు. పాముకి ఆ పొర లేదు. దాని కళ్ళు అలా మెరవవు. 'కళ్ళు మెరిస్తే ఆగుదాంలే' అనుకుని నడిస్తే కాలికింద ఉన్న కట్లపాము సంగతి తెలిసేది కరిచాకే.

కాబట్టి పొలానికీ, కొట్టానికీ వెళ్ళేవాళ్ళకి కావాల్సింది సూదిలా దూరం పొడిచే వెలుగు కాదు, కాళ్ళముందు చాపలా పరుచుకునే వెలుగు. కొనేటప్పుడు రెండు మీటర్ల దూరంలో గోడమీద వేసి చూడండి. మధ్యలో కళ్ళు జిగేల్‌మనే చుక్క, చుట్టూ కటిక చీకటి కనిపిస్తే ఆ టార్చి కాపలాకి పనికొస్తుంది, నడకకి కాదు. మధ్యన ఓ మోస్తరు వెలుగు, దాని చుట్టూ విశాలంగా పలచటి వెలుగు పడేది నడకకి మంచిది. నడకకి 100 నుంచి 200 ల్యూమెన్లు చాలు. చెరువు అవతలి గట్టునో, తోట చివరనో చూడాల్సిన కాపలా మనిషికి దూరం పోయేదీ కావాలి. ముందుకీ వెనక్కీ జరిపి వెలుగుని చిన్నదిగా, పెద్దదిగా చేసుకునే రకం రెండు పనులకీ వస్తుంది. కానీ ఆ జరిగే గొట్టం సందులోంచే నీళ్ళు దిగుతాయన్న సంగతి మరవకూడదు.

రంగు కూడా చూడాలి. నీలిగా కొట్టొచ్చే తెలుపు చూడటానికి ఆర్భాటంగా ఉంటుంది. దాని వెలుగులో ఎండుటాకు, మట్టిగడ్డ, రక్తపింజర... అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. కాస్త పసుపు కలిసిన తెలుపులో గోధుమరంగు తేడాలు బాగా తెలుస్తాయి. దుకాణంలో అరచేతిమీద వేసి చూడండి. చెయ్యి చెయ్యిలా కనిపించాలి, పాలిపోయినట్టు కనిపించకూడదు.

కంటికీ టైమివ్వాలి

చీకటికి అలవాటు పడటానికి మన కంటికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్కసారి వెయ్యి ల్యూమెన్లు కంట్లో పడితే ఆ అలవాటంతా పోయి మళ్ళీ మొదటికొస్తుంది. టార్చి ఆర్పగానే ఏమీ కనిపించకపోవడం అందుకే. తక్కువ వెలుగు మెట్టు ఉన్న టార్చి కావాలనేది ఇందుకే. పది, ఇరవై ల్యూమెన్ల మెట్టు ఉంటే ఇంట్లో ఎవరి నిద్రా చెడకుండా లేవొచ్చు, బ్యాటరీ కూడా రాత్రులకి రాత్రులు వస్తుంది.

అయితే మెట్లు ఎక్కువైతే అదో తలనొప్పి. చవక టార్చిల్లో ఒకే స్విచ్చి. ఒకసారి నొక్కితే ఎక్కువ, రెండోసారి తక్కువ, మూడోసారి టపటపా కొట్టుకునే వెలుగు, నాలుగోసారి ఇంకేదో. గట్టుమీద ఏదో కదిలినట్టనిపించి కంగారులో నొక్కితే కావాల్సిన వెలుగు బదులు పెళ్ళి లైటింగు మొదలవుతుంది! రెండు, మూడు మెట్లే ఉండాలి. మొదటి నొక్కుకి ఎప్పుడూ ఒకే వెలుగు రావాలి. తడిచేత్తో, కళ్ళు మూసుకుని కూడా స్విచ్చి ఎక్కడుందో తెలియాలి. దుకాణంలో నిజంగానే కళ్ళు మూసుకుని ఓసారి ప్రయత్నించండి. నవ్వితే నవ్వనీయండి.

టార్చిని ఎలా పట్టుకుంటామన్నదీ ముఖ్యమే. నుదుటికి కట్టుకునే లైటుతో రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పాలు పిండటానికి, మోటారు బాగుచెయ్యడానికి అదే మేలు. కానీ వెలుగు కంటి దగ్గర్నుంచే వెళ్తుంది కాబట్టి నేలమీది వస్తువుల నీడలు కనిపించవు, అంతా చదునుగా అనిపిస్తుంది. అదే చేతి టార్చిని నడుము కిందుగా పట్టుకుంటే చిన్న కర్రముక్కకి కూడా పొడుగాటి నీడ పడుతుంది. గట్టుమీద నడిచేటప్పుడు చేతి టార్చే సరి.

ప్రాణమంతా బ్యాటరీలోనే

టార్చి పాడైందంటే చాలాసార్లు పాడయ్యేది బ్యాటరీయే. మార్కెట్లో ఉన్నవి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది, మామూలు సెల్లులు వేసేది. ఏ పల్లెటూరి కిరాణా కొట్టులో అయినా సెల్లులు దొరుకుతాయి. కరెంటుతో పనిలేదు. తుఫాను వచ్చి మూడు రోజులు కరెంటు పోయినా కొత్త సెల్లు వేస్తే చాలు. ఇబ్బందల్లా టార్చిని వాడకుండా మూలన పడేస్తే సెల్లులు కారి లోపలి తీగచుట్టని తుప్పు పట్టించేస్తాయి. రెండు, మూడు వారాలు వాడకపోతే సెల్లులు తీసి పక్కన పెట్టాలి. పాత సెల్లూ కొత్త సెల్లూ కలిపి వెయ్యకూడదు.

రెండోది, వెనక రెండు పిన్నులు బయటికొచ్చి గోడలోని ప్లగ్గులో గుచ్చే రకం. ఇలాంటి చవక టార్చిల్లో చాలావాటి లోపల ఉండేది సీసం-ఆమ్లం బ్యాటరీ. చవకే. కానీ ఒక గుణం ఉంది. ఛార్జింగు పూర్తిగా దిగిపోయాక అలాగే వదిలేస్తే కొద్ది నెలల్లోనే చచ్చిపోతుంది. 'పోయిన ఎండాకాలంలో కొన్నాం, వానలు పడేసరికి వెలగట్లేదు' అని ఇళ్ళల్లో వినిపించే ఫిర్యాదుకి ఎక్కువసార్లు ఇదే కారణం. వాడినా వాడకపోయినా నెలకోసారి నిండా ఛార్జింగు పెట్టే ఓపిక ఉన్నవాళ్ళే దీన్ని కొనాలి.

మూడోది, లిథియం అయాన్ బ్యాటరీ. సెల్‌ఫోన్ ఛార్జరుతోనే ఛార్జింగు పెట్టుకోవచ్చు. తేలిక, బలం రెండూ దీనికే. వీటిలో ఎక్కువగా వాడేది 18650 సైజు. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. మోసాలు జరిగేది కూడా ఇక్కడే. ఈ సైజులో ఎంత మంచి కంపెనీ చేసినా పట్టే ఛార్జి 3,500 ఎంఏహెచ్ దరిదాపుల్లోనే ఉంటుంది. మరి దుకాణాల్లో 9,900 అని రాసి ఉన్నవి కనిపిస్తాయే? అంత అంకె కనిపించిందంటే అది పెద్ద బ్యాటరీ అని కాదు, పెద్ద అబద్ధం అని అర్థం! దించెయ్యండి. లిథియం సెల్లుమీద ఐఎస్ 16046, దానితోపాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు అంకె ఉన్నాయేమో చూడండి. ఎండలో నిలబెట్టిన కారులో, పొయ్యి పక్కన దీన్ని ఉంచకూడదు. ఉబ్బిన సెల్లుని మళ్ళీ ఛార్జింగు పెట్టకూడదు.

డబ్బామీది గొప్పలు నిజమో కాదో తేల్చుకోవడానికి ఓ చిన్న లెక్క చాలు. మంచి 18650 సెల్లులో ఉండే శక్తి సుమారు 12 వాట్-అవర్లు. మంచి ఎల్ఈడీ ఒక వాట్‌కి వంద ల్యూమెన్లదాకా ఇస్తుందనుకుందాం. అంటే 100 ల్యూమెన్లయితే 12 గంటలు, 1,000 ల్యూమెన్లయితే గంటా పావు. 'ఒక్క సెల్లు, వెయ్యి ల్యూమెన్లు, ఇరవై గంటలు' అని రాశారంటే ఆ వెయ్యీ మొదట్లో కాసేపే, ఆ ఇరవై గంటలూ అడుగున ఉన్న మెట్టులోనే. పైన చెప్పిన ప్రమాణం ప్రకారం కూడా 'ఎన్ని గంటలు' అనే లెక్క, వెలుగు మొదటిదాంట్లో పదో వంతుకి పడిపోయేదాకా! వంద ల్యూమెన్లతో మొదలైన టార్చి చివరి గంటలో తాతగారి రెండు సెల్లుల లైటంత ఇచ్చినా ఆ గంట లెక్కలోకే వస్తుంది. పైగా చిన్న టార్చి వెయ్యి ల్యూమెన్ల దగ్గర చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. కొద్ది నిమిషాల్లో తనంతట తానే వెలుగు తగ్గించుకుంటుంది.

వాన, బురద, చెయ్యి జారడం

మిగిలింది ఒళ్ళు. డబ్బామీద ఐపీఎక్స్4 అని ఉంటే వానజల్లు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 ఉంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట పడి ఉన్నా ఫర్వాలేదు. వరిమడికీ చేపల చెరువుకీ వెళ్ళేవాళ్ళు రెండోదే వెతకాలి. మూత మరల దగ్గర రబ్బరు చుట్ట ఉందో లేదో చూడాలి. అది ఎండిపోయి చిట్లితే నీళ్ళు దిగినట్టే. చెయ్యి జారితే తట్టుకునే ఎత్తు కూడా మీటర్లలో రాస్తారు. కనీసం ఒక మీటరు ఉండాలి. చేతికి తగిలించుకునే తాడు ఉంటే సగం ప్రమాదాలు ఉండవు. బల్లమీద పెడితే దొర్లిపోని ఒళ్ళు ఉంటే ఇంకా మంచిది.

దుకాణంలోనే చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. టార్చి వెలిగించి గట్టిగా ఊపండి. అరచేతిమీద నాలుగుసార్లు తట్టండి. వెలుగు ఒక్కసారి వణికినా లోపల పట్టు సరిగ్గా లేదన్నమాట. ఇంటికొచ్చాక ఇంకోటి. నిండా ఛార్జింగు పెట్టి, రోజూ వాడే మెట్టులో వెలిగించి, గడియారం పక్కన వదిలెయ్యండి. అరగంటకోసారి చూసి ఎన్ని గంటలకి మసకబారిందో కాగితంమీద రాసి టార్చికి అంటించండి. కంపెనీ చెప్పిన గంటలు కాదు, ఆ కాగితంమీది గంటలే మీవి. తక్కువొచ్చిందా? రసీదు ఉంది కదా, వెనక్కిచ్చెయ్యండి.

నెలకోసారి ఐదు నిమిషాలు

ఎంత మంచి టార్చి కొన్నా కార్బెట్‌కి జరిగింది ఎవరికైనా జరగొచ్చు. జరగకుండా ఉండాలంటే పెద్ద ఖర్చేమీ లేదు.

టార్చికి ఓ మేకు, ఓ చోటు ఉండాలి. తలుపు పక్కన, పిల్లలు ఆటకి తీసుకోనంత ఎత్తులో. చీకట్లో చెయ్యి చాపితే అందాలి. నెల మొదటి తారీఖున వెలిగించి చూడాలి, మూత విప్పి లోపల తుడవాలి, ఛార్జింగు పెట్టాలి. గ్యాస్ బుక్ చేసినట్టు, పాలవాడి లెక్క చూసినట్టు అదీ ఓ పని. సంచిలో పెట్టేటప్పుడు వెనక మూతని పావు చుట్టు వదులు చేస్తే చాలా టార్చిలు పొరపాటున వెలగవు. తాతగారి తిరగేసిన సెల్లుకి ఇది మనవడు!

రాత్రి బయటికి వెళ్తే రెండు దీపాలు ఉండాలి. రెండోది జేబులో పట్టే చిన్నదైనా సరే. 'సెల్‌ఫోన్ ఉందిగా' అనకండి. ఫోన్ లైటు నాలుగడుగులకి మించి పనికిరాదు. వానలో బయటికి తియ్యలేం. పైగా దాని ఛార్జింగంతా లైటుకే ఖర్చయిపోతే ఆపదలో 108కి ఫోన్ చేసేది దేంతో?

పడుకునేటప్పుడు కూడా టార్చి తలగడ పక్కనే ఉండాలి. కట్లపాము ఎక్కువగా కరిచేది రాత్రిపూట, నేలమీద పడుకున్నవాళ్ళని. ఆ కాటుకి పెద్దగా నొప్పి కూడా తెలియకపోవచ్చు. పక్క వేసేముందు దుప్పటి దులిపి, మూలలు ఓసారి టార్చితో చూసి, దోమతెర అంచులు పరుపుకింద దోపుకుంటే సగం భయం తీరుతుంది. గట్టుమీద నడిచేటప్పుడు టార్చితోపాటు కర్ర, కాలికి బూట్లు ఉండాలి. పాము మన మాటకంటే నేల అదురుని బాగా పసిగడుతుంది. కర్ర తాటిస్తూ వెళ్తే చాలావరకు అదే తప్పుకుంటుంది.

ఇన్ని చేసినా కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వద్దు. పామును వెతుకుతూ టైమూ, టార్చీ ఖర్చు చెయ్యొద్దు. కరిచిన కాలుని కదపకుండా ఉంచి, మనిషికి ధైర్యం చెబుతూ వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు అక్కడే ఉంటుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... నాలుగింటికీ కలిపి ఒకే మందు ఇస్తారు.

ఇంతకీ ఆ రాత్రి గులాబ్‌రాయ్‌లో ఏమైంది? తెల్లవారాక కార్బెట్ చెట్టు దిగాడు. మేక ప్రాణాలతో ఉంది. దారిమీద నెత్తుటి మరకలు కొండవాలు వెంట కిందికి పోయాయి. కాస్త దూరంలో చిరుత చచ్చిపడి ఉంది. టార్చి వెలిగిన ఆ ఒక్క క్షణమే సరిపోయింది. అదృష్టం!

అందరి రాత్రులూ అంత అదృష్టంగా తెల్లారవు. ఈ ఆదివారం ఓ ఐదు నిమిషాలు తీరిక చేసుకుని, ఇంట్లో టార్చి ఎక్కడుందో వెతకండి. నొక్కండి. వెలిగిందా?